చేపల పెట్టెలో శాంపిల్

మా అమ్మాయి బడికి వెళ్లడం మొదలుపెట్టాక నాకు మళ్లీ చదువుకోవాలనిపించింది. పోర్ట్ బ్లెయిర్‌లో పోషకాహారం మీద ఎమ్మెస్సీ ఉందని తెలిసి చేరాను. మా ఊరు తుష్నాబాద్ నుంచి రోజూ బస్సులో వెళ్లి రావడం. క్లాసులో మిగతావాళ్లంతా నిన్నమొన్న డిగ్రీ ముగించినవాళ్లు. నన్ను దీదీ అనేవారు.

పోషకాహారమంటే పాలు, పళ్లు, ఆకుకూరల చార్టులనుకున్నాను. మొదటి నెలంతా కంపే. ఎండుచేప పొడిని మాడ్చి బూడిద చేసే ప్రాక్టికల్ ఉండేది. ఆ కమురు జుట్టుకి పట్టి తలంటుకున్నా వదిలేది కాదు. ముందు బ్యాచ్ వదిలేసిన పప్పు నానబోసిన గిన్నె సింకులో బూజు పట్టి ఉండేది. దాని పక్కనే ఇంకొకరు చేతులు కడుక్కునేవారు.

ఒక శుక్రవారం మా మేడమ్ ప్రతి ఒక్కరికీ ఖాళీ నూనె డబ్బా ఇచ్చారు. ఆదివారం పొద్దున నుంచి సోమవారం పొద్దున దాకా మన మూత్రమంతా, ఒక్క చుక్క పోకుండా, అందులో పట్టి తేవాలి. ఆ రోజు తినేదంతా తూచుకోవాలి. తిన్న మాంసకృత్తుల్లో నైట్రోజన్ ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటికి పోయింది అని లెక్క కట్టడానికట. పాడవకుండా డబ్బాలో ఏదో మందు పోశారు. అచ్చం పెయింట్‌లో కలిపే థిన్నర్ వాసన. "చల్లగా ఉంచండి" అన్నారు.

ఫ్రిజ్‌లో పెట్టడానికి నాకే మనసొప్పలేదు. మా ఆయన చేపలు తెచ్చే థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి అందులో దాచాను. మధ్యాహ్నం మా అత్త ఆ పెట్టె తెరిచింది.

"ఏటే ఇది, టీ నీళ్లా?"

"కాదత్తా. కాలేజీకి... నాదే, మూత్రం."

అత్త చెయ్యి వెనక్కి లాక్కుంది. "సీ! సేపలెట్టుకునే పెట్టిలోనా? సదువుకెళ్లి నేర్సుకొచ్చింది ఇదా?"

సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నేను వడ్డించిన అన్నం ముట్టుకోలేదు. ఆవిడ మీద కోపం రాలేదు. నాకు కూడా అన్నం దిగలేదు మరి.

సోమవారం బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కుదుపులకి డబ్బా లోపల గుడగుడమంటోంది. కండక్టర్ నా దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"దీదీ, ఏంటది? మిట్టీ తేల్ బస్ మే మనా హై."

"కిరసనాయిలు కాదు భయ్యా."

"వాసనొస్తోంది కదా. ఖోలో."

"వద్దు భయ్యా, చెబితే వినండి."

అతను వినలేదు. పెట్టె తెరిచి, డబ్బా మూత తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఛీ ఛీ! యే క్యా హై!" అని అరిచాడు. బస్సంతా ఇటు తిరిగింది. "పేషాబ్. ల్యాబ్‌కి శాంపిల్," అన్నాను, ఎవరి మొహమూ చూడకుండా. నా పక్కనావిడ లేచి, పోర్ట్ బ్లెయిర్ దాకా నిలబడే వచ్చింది. కండక్టర్ తడి వేళ్లని ప్యాంటుకి తుడుచుకుని, అదే చేత్తో వెనక సీట్లవాళ్లకి టికెట్లు కోసిచ్చాడు. వాళ్లు తీసుకుని జేబుల్లో పెట్టుకున్నారు.

ల్యాబ్ బల్ల మీద డబ్బాలన్నీ వరుసగా పెట్టాం. మేడమ్ కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చారు.

"పరీక్షకి కావలసిన యాసిడ్ ఇంకా రాలేదు. విమానంలో రానివ్వరు, షిప్‌లోనే రావాలి. షిప్ లేటు. పుస్తకంలో విలువలున్నాయి కదా, కాస్త అటూ ఇటూ చేసి రాసేయండి. ఇవి పారబోయండి."

నా పక్కనున్న అమ్మాయి నా చెవిలో నవ్వింది. "దీదీ, మీరు నిజంగా తెచ్చారా? నాది చాయ్ కా పానీ."



"యాసిడ్ లేదని శుక్రవారం మీకు తెలుసా మేడమ్?" అన్నాను.

"తెలుసు. షెడ్యూల్‌లో ఉంది, చేయించినట్టు చూపించాలి."

"నేను అలా రాయను. షిప్ వచ్చాక మళ్లీ తెస్తాను."

"మీ ఇష్టం," అన్నారావిడ మొహం ముడుచుకుని.

డబ్బా మరుగుదొడ్డిలో ఒంపుతుంటే చేతి మీద చిందింది. ఎంత సబ్బు రుద్దినా చాలదనిపించింది. నా మూత్రం కంటే మేడమ్ మాటలే ఎక్కువ అసహ్యంగా ఉన్నాయి.

షిప్ వచ్చింది. మళ్లీ పట్టాను. అత్త ఈసారి పాత బకెట్ ఒకటి నా ముందుకు తోసింది. "ఇందులో ఎట్టుకో. నా పెట్టి ముట్టావంటే ఒప్పుకోను." మర్నాడు ఆ కండక్టరే నన్ను చూసి, ఏమీ అడక్కుండా వెనక కిటికీ సీటు చూపించాడు.

పరీక్ష ఒక్కదాన్నే చేసుకున్నాను. లోపలికి వెళ్లిన నైట్రోజన్ కంటే బయటికి పోయిందే ఎక్కువని తేలింది. అంటే నా ఒళ్లు తన కండ తానే తింటోంది. పొరపాటేమోనని మేడమ్ మళ్లీ చేయించారు. అదే వచ్చింది.

"మీరసలేం తింటున్నారు?"

"పొద్దున బస్సు తొందరలో టీ, రస్కు. మధ్యాహ్నం ఈ వాసనల్లో తినబుద్ధి కాదు. టిఫిన్ బస్టాపు కుక్కలకి పెట్టేస్తాను. రాత్రి ఏదో ఇంత."

ఆవిడ నా మొహంలోకి చూసి రిపోర్టు తీసుకున్నారు.

మార్కులొచ్చాయి. టీ నీళ్ల అమ్మాయికి నా కంటే ఎక్కువ. నా రిపోర్టు మీద ఎర్ర ఇంకుతో 'ఫలితం సాధారణ విలువలకు దూరంగా ఉంది' అని రాసి ఉంది. దూరంగానే ఉంది, నిజమే. మార్కుల గురించి అడగడానికి వెళ్లలేదు. మర్నాటి నుంచి రెండు ఉడికించిన గుడ్లు తీసుకెళ్లి, ల్యాబ్ గాలి తగలని మెట్ల మీద కూర్చుని, ఆకలి ఉన్నా లేకపోయినా నమిలి మింగేదాన్ని.