సలోమి పెద్దమ్మ కమీరు అట్లు

మా అమ్మాయి ఫోనులో చూసి రొట్టె చేయడం నేర్చుకుంటోంది. వికారాబాద్‌లో మేముండే ఇంటి వంటగదిలో, కిటికీ పక్కన, గాజు సీసాలో గోధుమపిండీ నీళ్ళూ కలిపి పులియబెడుతోంది. మొన్న ఉదయం దాని మూత తీసింది. పుల్ల మజ్జిగ వాసనా కాదు, మిగలపండిన సీతాఫలం వాసనా కాదు, రెంటికీ నడుమ ఉండే వాసన ఒకటి వంటగది దాటి నేను బట్టలు మడతపెడుతున్న చోటికి వచ్చింది. చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. వెళ్ళి చూస్తే పిల్ల సగం పిండిని సింకులో ఒంపబోతోంది. సగం తీసి పారేసి కొత్త పిండి వెయ్యాలట, లేకుంటే మస్తు పులుపైతదట. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. పారేయకు, పెనం పెట్టు అన్నాను. ఎందుకమ్మా అని అడిగితే ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టాను.

అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

నా చిన్నతనం తాండూరులో గడిచింది. నాన్న బండలకు పాలిష్ పట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమల దాకా తెల్లటి దుమ్ము ఉండేది. మా వాడకట్టు చివర మా ప్రార్థన మందిరం, దాన్ని ఆనుకుని సలోమి పెద్దమ్మ ఇల్లు. ఆమె మాకు చుట్టం కాదు. సంఘంలో పిల్లలందరికీ పెద్దమ్మే. భర్త పోయాడు, పిల్లలు లేరు. వయసులో ఉన్నప్పుడు వికారాబాద్‌లో ఒక ఆసుపత్రి వంటశాలలో పనిచేసిందట. అక్కడి ముసలి వంటాయన, సాయిబు, ఆమెకు రొట్టె పులియబెట్టడం నేర్పాడు. ఆ పులిసిన ముద్దను ఆయన కమీరు అనేవాడు. పెళ్ళయి తాండూరు వచ్చేటప్పుడు పెద్దమ్మ తన పెట్టెలో చీరల మధ్య, తడిబట్టలో చుట్టిన కమీరు ముద్ద తెచ్చుకుంది. మా సంఘంలో నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే ఆయన జ్ఞాపకంగా రొట్టె విరిచి అందరం పంచుకునే ఆరాధన, జరిగే ఆదివారానికి రొట్టె చేసే పని అప్పటినుంచీ ఆమెదే. పెద్ద డేగిషాలో ఇసుక పోసి, మూత మీద నిప్పులు పరిచి, రొట్టె కాల్చేది. కాలుతున్నంతసేపూ పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకునేది. పులిసిన పిండి పాపానికి గుర్తు కదా, దానితో ప్రభువు బల్లకు రొట్టె ఏమిటని ఒకసారి ఎవరో అడిగారు. పరలోకరాజ్యాన్ని కూడా ప్రభువు పులిసిన పిండితోనే పోల్చాడని, ఏది ఏ కమీరో పోల్చుకోవడమే మన పనని ఆమె జవాబు చెప్పింది.

కమీరుకు రోజూ మేత పెట్టాలి. జాడీలోంచి కొంత తీసి, ఆ మేరకు కొత్త పిండీ నీళ్ళూ పోయాలి. తీసిన దాన్ని ఆమె ఒక్కరోజూ పారేయలేదు. వేరే గిన్నెలో కూడబెట్టి, బల్లకు ముందు శనివారం, మందిరం కడగడానికి వచ్చినవాళ్ళకు అట్లు పోసేది. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త జీలకర్ర వేసి, పెనం మీద పల్లినూనెతో మందంగా కాల్చేది. అంచు కరకరలాడేది, నడుమ స్పంజిలా ఉండేది. పక్కన కందిపొడి. ఆ పులుపూ ఆ కారమూ నాలుక మీద కలిసే క్షణం కోసం మేం బండలు గబగబా కడిగేవాళ్ళం.

నాకు పదేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. ఎన్ని మందులు వేసినా దిగలేదు. సంఘం వచ్చి ప్రార్థన చేసి వెళ్ళింది. ఆ మరునాడు పక్కింటి ఖాజాబీ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి ఇస్తే అమ్మ నా దండకు కట్టింది. తర్వాత జ్వరం తగ్గింది. మందులకు తగ్గిందో, దేనికి తగ్గిందో మాకేం తెలుసు? తగ్గించింది దేవుడేనని మాత్రం నేనిప్పుడు ఎక్కడైనా నిలబడి చెప్పగలను. ఆ తాయెత్తుతోనే నేను ఆదివారపు బడికి వెళ్ళాను. సంఘ పెద్ద దేవదానం తాత కంట అది పడింది.

ఆ వారమే పెద్దలు ఇంటికి వచ్చారు. వాళ్ళ ముందే అమ్మ ఆ దారం కోసి పొయ్యిలో వేసింది. అది చాలదన్నారు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి, అంతవరకూ బల్లకు దూరంగా ఉండాలి. అమ్మ నిలబడనంది. బిడ్డ కోసం కట్టాను, నలుగురిలో నిలబడి దాన్ని పాపమని చెప్పడానికి నా నోరు రాదంది. నాన్న ఎంత చెప్పినా వినలేదు.

ఆ నెల బల్ల ఆదివారం నేను అమ్మ పక్కనే కూర్చున్నాను. పళ్ళెం మా వరుసకు వచ్చింది. అమ్మ దగ్గరికి వచ్చేసరికి దేవదానం తాత దాన్ని ఎత్తి, అమ్మ తల మీదుగా అవతలి ఆమెకు అందించాడు. అప్పటికే సగం లేచిన అమ్మ చెయ్యి కొంగు సర్దుకుంటున్నట్టు భుజం మీదికి పోయింది. ఇంటికి వెళ్ళాక అమ్మ అన్నం తినలేదు. ఆ తర్వాత మందిరానికి పోవాలంటే ఏదో ఒక పని అడ్డం వచ్చేది. ఇంకొక్కసారి అట్లా జరిగితే అమ్మ ప్రభువు మందిరం గడప తొక్కదని నాన్నకు అర్థమైంది, నాకూ అర్థమైంది.

మరుసటి బల్లకు ముందు శనివారం సలోమి పెద్దమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. బండలు కడగడానికి మనుషులు తక్కువైనారని, చీపురు తీసుకుని రమ్మని అమ్మతో అంది. అమ్మ రానంటే, బల్లకు ఆపిండ్రు గాని బండలకు ఆపలేదు గదా అంది. పోక తప్పలేదు. కడగడం అయ్యాక అమ్మనూ, వెంట వెళ్ళిన నన్నూ పొయ్యి దగ్గర పీటల మీద కూర్చోబెట్టి అట్లు పెట్టింది. అమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

"ఏడ్చుకుంట తినకు సుగుణా, నేనేసిన ఉప్పు సాలు," అంది పెద్దమ్మ, పెనం మీదినుంచి తల ఎత్తకుండా.

పక్కనే డేగిషాలో రేపటి రొట్టె కాలుతోంది. రెండూ ఒకే జాడీలోంచి వచ్చినవని నాకు తెలుసు. అందుకే అడిగాను, ఇది కూడా ప్రభువు రొట్టేనా పెద్దమ్మా అని.

"కాదు బిడ్డ. అది అయ్యగారు ప్రార్థన చేసి విరుస్తరు. ఇది నేను పొయ్యి మీద కాలుస్త. అదీ ఇదీ ఒకటనద్దు." అట్టు తిరగేసింది. "కాని ఆకలైనోళ్ళను లేపి పంపమని ఆయన యాడ జెప్పలే."

మరునాడు అమ్మ వచ్చింది. వెనక, తలుపు దగ్గర కూర్చుంది. పళ్ళెం మళ్ళీ ఆమెను దాటిపోయింది. ముందు వరుసలో సలోమి పెద్దమ్మ కూడా పళ్ళెం అందుకుని, తాను తీసుకోకుండా పక్కామెకు ఇచ్చేసింది. పెద్దవయసు, మరిచిపోయిందేమో అనుకున్నారు. పై నెలా అట్లాగే చేసింది. ఈసారి పాస్టరు అయ్యగారు చూశారు. ఆరాధన ఆపి, రొట్టె చేసిన చేతులు రొట్టె ఎందుకు తీసుకోవడం లేదని అడిగారు. కఠినంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు.

పెద్దమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "సుగుణ ఆగినన్ని దినాలు నేను గూడ ఆగుత అయ్యగారూ. మీ తీర్పు తప్పంటలేను. ఆమె ఉపాసముంటే నాకు మింగుడు పడ్తలేదు, గంతే."

దేవదానం తాత ఏదో అనబోయాడు. అంతలో వెనక గాజుల చప్పుడైంది. తిరిగి చూస్తే అమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి తలుపు చెక్కను పట్టుకుని ఉంది.

"నా బిడ్డకు జరమొచ్చింది. నాకు భయమైంది," అంది. "ప్రభువు ఉన్నడని తెలుసు. తెలిసి గూడ భయమైంది. గంత భయపడ్డందుకు క్షమించుమని ఆయననే అడుగుతున్న."

పెద్దలు కోరిన మాట అది కాదు. అయినా అయ్యగారు మరో మాట అడగలేదు. పళ్ళెం తానే పట్టుకుని, బండల మీద కూర్చున్నవాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుంటూ తలుపు దాకా వెళ్ళారు. అమ్మ తీసుకుంది. ఆయన అక్కడినుంచి ముందు వరుసకు వచ్చేదాకా సలోమి పెద్దమ్మ నిలబడే ఉంది. అప్పుడు ఆమె తీసుకుంది.

చాలా ఏళ్ళ తర్వాత, నేను వాక్యం చదివి, స్త్రీల కూడికలో మాట్లాడడం మొదలుపెట్టాక, ఒక సందేహం ఆమె ముందు పెట్టాను. బల్ల ప్రభువుది కదా, ఆయన పిలిచినప్పుడు మనంతట మనం ఆగవచ్చునా అని. పెద్దమ్మ నవ్వింది. "తెల్వదు బిడ్డ. నేను గూడ ఆయన్ను అడిగిన. జవాబు రాలె. వచ్చేదాంక ఆగుదామనుకున్న, గంతట్ల మీ అమ్మ లేసె."

ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళినప్పుడు తాండూరు అంతా వచ్చినట్టనిపించింది. బండల కార్ఖానాల వాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, ఖాజాబీ పిల్లలు, అందరూ. వచ్చిన ప్రతివారికీ వండి పెట్టాం. కమీరుకు మేత పెట్టాలని ఎవరికీ తట్టలేదు. కార్యాలన్నీ అయ్యాక అమ్మ జాడీ మూత తీస్తే పైన నల్లటి బూజు కట్టి ఉంది. అమ్మ దాన్ని మందిరం వెనక మట్టిలో పాతిపెట్టింది. ఆ రుచి నాలుక మీద ఇంకా ఉంది కానీ నా చేతికి రాలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించానో. ఏది తక్కువైందని అడగబోతాను, అడగడానికి మనిషి లేదు. పునరుత్థానాన్ని నమ్ముతున్నదాన్ని, ఆమెను చూస్తానని నాకు తెలుసు. తెలిసినా శనివారాలు చాలా పొడుగ్గా ఉంటాయి.

వికారాబాద్‌లో మా సంఘం పెద్దది. పళ్ళెం వచ్చేవేళ అందరూ కళ్ళు మూసుకుంటారు. నాకు మూతపడవు. ఎవరిని దాటిపోయిందో చూస్తూ ఉంటాను. పోయిన బల్ల ఆదివారం వెనక స్తంభం దగ్గర ఒక అమ్మాయి, తల మీద ముసుగు, ఒళ్ళో పసిపిల్ల, తన ముందునుంచి పోతున్న పళ్ళేన్ని చూడకుండా ఉండడానికి పిల్ల కాళ్ళ పట్టీలు సర్దుతోంది. ఎవరు ఆపారో, తానే ఆగిందో నాకు తెలియదు. నా పక్కామె పళ్ళెం అందించింది. నేను తీసుకోకుండానే దాన్ని అవతలికి ఇచ్చి, లేచి, వెనక్కి వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఆమె బెదిరినట్టు జరిగి చోటిచ్చింది. పాట అయిపోయేదాకా ఆగి, పిల్ల పేరేమిటని అడిగాను.