దొరల దేవుడికి అమ్మ మొక్కిన కాయ

మొన్న కళ్ల డాక్టరు దగ్గరికని ఆటోలో వెళ్తుంటే, మా విజయనగరంలో కాలేజీ గేటు ముందు బండి ఆగిపోయింది. ఏసుప్రభువు కరపత్రాలు పంచుతున్న ఇద్దరు కుర్రాళ్లను మరి కొందరు కుర్రాళ్లు చుట్టుముట్టి, మొహాల ముందు సెల్‌ఫోన్లు పెట్టి, మీదే ఊరు, మీ నాన్నెవరు, ఎవరు పంపారు అని నిలదీస్తున్నారు. ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి, "తాతా, మరి నువ్వెటేపు?" అన్నాడు. ఈ వయసువాణ్ణి పట్టుకుని అడగాల్సిన ప్రశ్నా అది? నాకు ఒళ్లు మండిపోయింది. మండింది గానీ జవాబు మాత్రం తట్టలేదు. ఎందుకు తట్టలేదో నా ఈడువాళ్లకైతే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇదే ఊళ్లో మాకు బెల్లం కొట్టుండేది. నేను అయిదో తరగతితో బడి మానేసి కొట్లో కూర్చుని, పొట్లాలు కట్టే పాత పత్రికలు చదివి చదివి నాలుగు ముక్కలు పట్టుకున్నవాణ్ణి. ఇంట్లో అసలు చదువంతా అన్నయ్యది. ఆ అన్నయ్య ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు దగ్గర వరసగా బోల్తా పడుతున్నాడు. కాలేజీకి కాస్త ఎడంగా ఒక మిషను దొర పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, విద్యార్థులకు సాయంత్రాలు బైబిలు క్లాసు నడిపేవాడు. బైబిలు కోసం ఎందరు వెళ్లారో నాకు తెలియదు. దొర నోటి ఇంగ్లీషు వినవచ్చని వకీళ్ల పిల్లలూ, షావుకార్ల పిల్లలూ, పల్లెల నుంచి వచ్చిన రైతుల పిల్లలూ చెప్పులు గుమ్మం బయట విడిచి, చాపల మీద బుద్ధిగా కూర్చునేవారు. మా నాన్న కూడా బేరం చూసుకునే ఒప్పుకున్నాడు. "ఇంగిలీసొకటే తెచ్చుకోరా. మరింకేటీ ఇంటికి తేకు" అన్నాడు.

చివరికి అన్నయ్య పాసయ్యాడు. ఖరగ్‌పూర్‌లో రైల్వే గుమాస్తా ఉద్యోగమూ కుదిరింది. అందరం సంబరపడుతుంటే అమ్మ మెల్లిగా సంగతి బయటపెట్టింది. పరీక్షల ముందు పైడితల్లమ్మకు మొక్కుకుంటూ, ఎందుకైనా మంచిదని ఆ దొరల దేవుడికి కూడా ఒక కొబ్బరికాయ మొక్కుకుందట. అమ్మవారిది తీర్చేసింది. రెండోది తీరనిదే కొడుకు రైలెక్కడానికి వీల్లేదంది. తీర్చని మొక్కు మెడన వేసుకుని పిల్లవాడు పరాయి ఊరు వెళ్తే ఏమౌతుందోనని ఆవిడకు అన్నం సయించలేదు. నాన్న భోజనం చేసి కునుకు తీసే వేళ చూసి, అన్నయ్యనూ, బుట్ట పట్టుకోమని నన్నూ తీసుకుని ఆ పెంకుటింటికి బయలుదేరింది.

తల్లే కొడుకుని వెంటబెట్టుకు వచ్చిందని దొర ముఖం వికసించింది. వచ్చిన పని విన్నాక తడబడ్డాడు. ఆయనది పుస్తకంలో తెలుగు. మా దేవుడు కాయలు పుచ్చుకోడమ్మా, ఆయన కోరేది మనిషినే, మీకు కృతజ్ఞత కలిగితే ఈ కుమారుణ్ణే ఆయనకు సమర్పించండి అని నెమ్మదిగా నచ్చజెప్పాడు.

"అదేటి బాబూ," అంది అమ్మ. "కాయ మొక్కినాను గానీ కొడుకుని మొక్కనేదు. కాయ వద్దనుకుంటే పరీచ్చ పేసు సేయించక ముందే సెప్పాల గదా."

దొరా, అమ్మా ఇద్దరూ అన్నయ్య వైపు చూశారు. నమ్ముతున్నావా అని దొర అడిగినప్పుడల్లా "ఎస్ సార్" అంటూ వచ్చినవాడు అన్నయ్య. పెద్దవాళ్లు అడిగితే కాదనడం మా ఇళ్లలో ఎవరికీ అలవాటు లేదు. ఆ పూట మాత్రం గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల వైపు చూశాడు. అమ్మ ఇక ఆగలేదు. గుమ్మం మెట్టు మీద కాయ కొట్టేసింది. నీళ్లు దొర బూట్ల మీద చిందాయి. కలెక్టరైనా పాదిరైనా మాకు దొర దొరే గనక నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయనేమో వంగి, దొర్లిపోయిన చెక్కలు రెండూ తీసి, మట్టి తుడిచి, ఒకటి తన బల్ల మీద పెట్టుకుని, రెండోది అమ్మ చేతికిచ్చాడు. గుళ్లో పూజారి ఇచ్చేదీ అలాగే. అమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. మొక్కు తీరిపోయింది. తెలిసే ఇచ్చాడో, ఆవిడ వస్తువు ఆవిడకు తిరిగిచ్చాడో ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు.

ఇంటికొచ్చి అమ్మ కొబ్బరి ముక్కలు బెల్లంతో పంచింది. నాన్న ఏ గుడిదని అడగకుండానే నమిలేశాడు. అన్నయ్య మాత్రం కడుపులో బాగాలేదని తన ముక్క గూట్లో పెట్టి, మర్నాడు రైలెక్కాడు. దేవుళ్లకు కొట్టిన కాయ తినకూడదని ఆ క్లాసులో నేర్పేవారని చాలా ఏళ్లకు ఎవరో చెబితే విన్నాను. మరి అన్నయ్య నమ్మాడా? దొర ముందు అమ్మను చూసి సిగ్గుపడ్డాడా? లేక నిజంగా కడుపునొప్పేనా? బతికినన్నాళ్లూ అమ్మవారి పండక్కి వచ్చేవాడు, పెట్టెలో బైబిలూ ఉండేది. అడిగితే "పోనీరా, నీకెందుకు" అనేవాడు.

ఇప్పుడెవరూ పోనివ్వరు. ఆ ముక్క తిన్నాడో లేదో తేల్చడానికి రెండు జట్లు వీధిలో నిలబడతాయి, ఫొటోలు తీస్తాయి. ఆనాడు చూసింది అమ్మ ఒక్కతే, అమ్మను చూసింది నేను. గూట్లో ఉన్న ముక్కను చూసింది, పెట్టె సర్దుకుంటున్న అన్నయ్యను చూసింది, ఆ ముక్క తనే తినేసింది.