లాంథనానికి బొట్టు పెట్టిన దసరా

ఎనిమిదేళ్ల కిందటి దసరా. నాచారం పారిశ్రామికవాడలో రేర్ ఎర్త్ మెటల్స్ అనే అరుదైన లోహాలు అమ్మే ఒక చిన్న కంపెనీకి నేను స్టోర్ కీపర్ని. ఆ రోజుల్లో ఏ ముక్కనైనా ముక్కు దగ్గర పెట్టుకుని అది లాంథనమో ఇట్రియమో చెప్పేసేవాణ్ణి. చూడటానికి రెండూ వెండి ముక్కల్లా ఉంటాయి. గుణం మాత్రం వేరు. ఇట్రియం గాలికి చెక్కుచెదరదు. లాంథనాన్ని మినరల్ ఆయిల్‌లో ముంచి ఉంచాలి, లేకపోతే గాలీ తేమా తగిలి పొడి రాలుతుంది.

ఆయుధపూజకు స్టోరంతా కడిగించి, మెటల్ ముక్కల్ని కూడా పళ్లెంలో పేర్చాం. లాంథనం నుంచి నూనె కారుతోంది. ప్యాకింగ్ చేసే యాదమ్మ సందేహంగా చూసింది.

"తుడవొచ్చా సార్?"

"జిడ్డు మీద బొట్టెలా నిలుస్తుంది? తుడిచెయ్. నేనున్నాగా."

నాలుగు రోజుల సెలవులు, పైగా ముసురు. వచ్చి చూస్తే పళ్లెంలో ఇట్రియం మెరుస్తోంది. లాంథనం సున్నం కొట్టినట్టు తెల్లబడి, పట్టుకుంటే పొడి రాలింది.

"గిది మన మాల్ కాదు," అన్నాడు మేనేజర్. "ఎవలో మార్చిన్రు. తాళంచెవి ఎవల దగ్గరుండె?"

సెలవుల్లో తాళంచెవి యాదమ్మ దగ్గరే ఉంది.

"నేను దొంగనా సార్?" అందామె.

"తేలేదాక పనికి రాకు," అన్నాడాయన.

నేను ఊరుకుంటానా? సీలు తీయని డబ్బాలోంచి ఒక లాంథనం ముక్క తీసి, నూనె తుడిచి, కత్తితో గీకాను. తళతళలాడింది. పక్కన ఇట్రియం పెట్టి మేనేజర్ బల్ల మీద ఉంచాను. సాయంత్రానికి లాంథనం మెరుపు పోయింది. పొద్దునకు బూడిదరంగు పొర కట్టింది. అదే ఆక్సైడ్, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పుట్టే పొర.

"ఎవరూ మార్చలేదండీ. నూనె తుడవమన్నది నేనే," అన్నాను.

ఆయన యాదమ్మకు ఫోన్ చేసి పనికి రమ్మన్నాడు. అప్పటినుంచి మా స్టోర్లో బొట్టు డబ్బా మూతకే పెడుతున్నారు. నలభై ఏళ్ల ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునేది 'తుడవమన్నది నేనే' అన్న ఆ ఒక్క మాటే.

వాసన సంగతి కోతేలెండి. డబ్బా మీద పేరు రాసి ఉంటుంది, నూనెలో ఉంచమనీ దానిమీదే ఉంటుంది. అప్పటికే పాతికేళ్లుగా ఆ లేబుళ్లు అతికిస్తూ కూడా నూనెను మురికనుకున్నాను. లాంథనానికి అది ఒంటిమీద బట్ట. తెలిసిన పనిలోనే మనిషి చదవడం మానేస్తాడని నాకు ఆ దసరా నేర్పింది.

ఇదంతా రాసి, మొన్న చిల్కానగర్‌లో యాదమ్మ ఇంటికెళ్లి చదివి వినిపించాను. చివరిదాకా విని, చాటలో బియ్యం ఏరుతూనే అంది:

"నిజం జెప్పినవ్ సార్, కాదన. గని నన్ను పంపిన్నాడే గాదు, నాలుగోనాడు జెప్పినవ్. మూడు దినాలు నా పిల్లలు సుత నన్ను దొంగ లెక్క సూసిన్రు. అది రాయలేదేంది?"