పత్తిచేనుకు పోయిన ఆదివారం

మా చిన్నప్పుడు... ఆదివారం నాడు మా ఇంట్లో రోలు మోగేది కాదు. చీపురు మూలన నిలబడి ఉండేది. నీళ్లు తోడటం, జొన్నలు విసరడం, మా తలలకు నూనె పెట్టడం... అన్నీ శనివారం పొద్దుగూకేలోపే మా అవ్వ ముగించేసేది. అవ్వ అంటే మా నాన్నను కన్నతల్లి, రూతమ్మ. గద్వాల వైపు, గట్టు మండలంలో చిన్న ఊరు మాది.

మిగతా ఆరు రోజులు మాత్రం ఆమె చేతులు ఆగేవి కావు. పల్లీలు ఒలుస్తూ మాతో బైబిలు వాక్యాలు వల్లె వేయించేది. చేనుకు నడిచే దారిలో వాడకట్టులో ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థన చేసుకునేది. మేము అరుగు మీద కాళ్లు ఊపుకుంటూ కనిపించామా... అయిపోయామే!

"ఏంది గట్ల కూసున్నరు? దేవుడిచ్చిన పొద్దు, ఊకెనే పోతే మల్ల ఇయ్యడు!"

మాకు విసుగొచ్చేది. ముసలామెకు వేరే పనే లేదని నవ్వుకునేవాళ్లం...

తొంభైల్లో మా వైపు విత్తన పత్తి వేయడం మొదలైంది. క్రాసింగ్ పని అనేవాళ్లు. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు విప్పి లోపలి పుప్పొడి తిత్తులను గోటితో తీసేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్కల పువ్వులు తెచ్చి వాటి పుప్పొడి అద్దాలి. మధ్యాహ్నం దాటిందంటే అంతే... ఆ పువ్వుకు కాయ పట్టదు, రాలిపోతుంది.

మా వాడ ఆడవాళ్లంతా ఆ పనికి వెళ్లేవాళ్లు, ఒక్క ఆదివారం తప్ప. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే ఒక ఆదివారం పని కోసం మా ఊరి రైతు నర్సిములు మామ అత్తగారి ఊరి నుంచి మనుషులను పిలిపించుకున్నాడు. ఆయన విత్తన పత్తి వేయడం అదే మొదలు. వానలు వెనక్కి పోయి బావి అడుగంటుతోంది... ఉన్న నీళ్లకు అదే ఆఖరి మంచి పూత. మనుషులున్నారన్న ధైర్యంతో శనివారం సాయంత్రం చేనంతా మొగ్గలు విప్పించాడు.

పొద్దుగూకే వేళ ఆయనను ఎద్దు పొడిచింది. ట్రాక్టర్‌లో వేసుకుని గద్వాల దవాఖానకు పరిగెత్తారు. భార్య, వచ్చిన చుట్టాలు... అందరూ ఆయన వెంటే వెళ్లిపోయారు.

తెల్లారి మేము తెల్లబట్టలు కట్టుకుని మందిరంలో కూర్చున్నాం. పాట మొదలైంది. ఇంతలో నర్సిములు మామ తల్లి ఎంకమ్మ వచ్చి గుమ్మం బయట గోడకు ఆనుకుని నిలబడింది. అవ్వ లేచి వెళ్లింది, వెనకే నేను.

"కొడుకు కండ్లు తెరుస్తలేడంట రూతమ్మా... మీ దేవునికి జర చెప్పున్రి," అంది ఎంకమ్మ. అంతకు మించి ఏమీ అడగలేదు.

"మరి చేను?" అంది అవ్వ.

"చేను సంగతి ఇడిసిపెట్టు... వాడు ఇంటికొస్తే సాలు."

అవ్వ లోపలికి వచ్చింది. పాట నడుస్తుండగానే పాస్టరయ్య ముందుకు వెళ్లి నిలబడింది. పాట ఆగిపోయింది...

"అయ్యగారూ, నర్సిములు కోసం ఇప్పుడే ప్రార్థన జేయున్రి. ఆరాధన పొద్దుమీకినంక పెట్టుకుందం. ఆయన చేను అట్లనే పడున్నది."

సంఘపెద్దకు కోపం వచ్చింది. "ఏందమ్మా రూతమ్మా! ఆదివారం పొద్దు రోలు గూడ ముట్టవు, ఇప్పుడు సంఘాన్నే పనికి తోలుతవా?"

అవ్వ కొంగు నడుముకు దోపుకుంది. ఆదివారం పొద్దున ఆమె అలా దోపుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తన నియమాన్నే తాను తెంపుకుంటోంది కదా...

"దేవుడు పొద్దుమీకినంక గూడ ఈన్నే ఉంటడు, పెద్దయ్యా. పువ్వు ఉండదు."

పాస్టరయ్య కళ్లు మూసుకుని నర్సిములు మామ కోసం ప్రార్థన చేశాడు. ఆమెన్ అంటూనే చొక్కా చేతులు పైకి మడిచాడు!

తెల్లచీరలతోనే చేలో దిగారు మా వాడ ఆడవాళ్లు. పిల్లలం మగ పువ్వులు కోసి ఒడిలో పోసుకుని అందించాం. ఆగిపోయిన పాటను ఎవరో పత్తి సాలు మధ్యలో అందుకున్నారు. సంఘపెద్ద కాసేపు గట్టు మీద ముఖం ముడుచుకుని కూర్చుని, తర్వాత తానే నీళ్ల కుండ మోసుకొచ్చాడు. పాస్టరయ్యవి మొద్దు వేళ్లు... ముట్టుకున్న పువ్వునల్లా విరిచేస్తున్నాడు.

"అయ్యగారూ, మీరు పాట పాడున్రి సాలు... పువ్వు జోలికి రాకున్రి!" అంది అవ్వ. చేనంతా నవ్వింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆఖరి సాలు పూర్తయింది.

ఆ సాయంత్రం లాంతరు పెట్టుకుని ఆరాధన చేశాం. చీరల కొంగులకు పుప్పొడి అంటుకునే ఉంది. ఎంకమ్మ వెనక వరసలో కూర్చుంది. నర్సిములు మామకు తెలివి వచ్చిందని ఆఖరి బస్సుకు వచ్చినవాళ్లు చెబితే, పాస్టరయ్య కంటే ముందు ఆమే చేతులెత్తి దండం పెట్టింది...

ఇంటికి నడుస్తూ అడిగాను. "అవ్వా, ఆదివారం పని జేస్తే దేవుడు కోపం జెయ్యడా?"

"పొద్దు ఆయనదే, బిడ్డా. ఆపదల ఉన్నోళ్లకిస్తే ఆయనకిచ్చినట్టే."

మరుసటి ఆదివారం ఎప్పటిలాగే మా ఇంట్లో రోలు మోగలేదు. ఆ విషయంలో ఆమె పట్టు ఇసుమంత కూడా సడలలేదు! అంత గట్టి మనిషి, ఆ ఒక్క పొద్దున అంత సులువుగా ఎలా వంగిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి. చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను... కాలం విలువ గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. మా అవ్వ అంత బాగా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా ఊరి మందిరంలో పెద్ద గోడ గడియారం ఉంది. ఆరాధన వేళకు మొదలై వేళకు ముగుస్తుంది... మంచిదే. కానీ కష్టంలో ఉన్న మనిషి గుమ్మంలో నిలబడితే, పాట ఆపి లేచేవాళ్లు ఎంతమంది ఉన్నారో..?

మీ ఇంట్లో అలా లేచినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల పేరు ఈ కథ కింద రాయండి... మా అవ్వ పేరు నేను రాశాను.