నిద్రకు పిలిచే మనిషి

బస్సు దిగి నాలుగేళ్ళయింది కానీ నా ఒంట్లోంచి బస్సు ఇంకా దిగలేదు. ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసినవాడికి ఇల్లు కూడా కదులుతున్నట్టే ఉంటుంది. అన్నం నిలబడి తింటాను. టీ మరిగేదాకా వంటింట్లో నిలబడితే ఎడమ చెయ్యి దానంతట అదే లేచి అటక అంచు పట్టుకుంటుంది. గేటు వేసి బజారుకు బయలుదేరేటప్పుడు నోట్లోంచి "రైట్ రైట్" అని వచ్చేస్తుంది. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి, రాని దగ్గు దగ్గుతాను.

నా భార్య ఉన్న రోజుల్లో ఇదంతా ఆమెకు కాలక్షేపం. "జర కూసోని తినరాదు? ఈడ ఎక్కేటోళ్ళు లేరు, దిగేటోళ్ళు లేరు," అనేది. జనగామలో మాది రెండు గదుల ఇల్లు. పిల్లలు లేరు. నవ్వుతూ అన్న ఆ మాటలో కొంచెం చేదు కూడా ఉండేదని ఆమె పోయాకే నాకు తట్టింది. అన్ని వేల ముఖాలు చూసి టికెట్లు ఇచ్చినవాణ్ణి, ఇంట్లో ఉన్న ఒక్క ముఖం సరిగ్గా చదవలేకపోయాను.

పోయిన ఏడాది వానాకాలంలో ఆమె పోయింది. జ్వరమే కదా అనుకున్నాం. దవాఖానలో తొమ్మిది రోజులు ఉంది, పదో రోజు లేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

రాయాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మనిషి పోయి దినాలు అయిపోయాక, దగ్గరి చుట్టాలెవరైనా వచ్చి మిగిలినవాళ్ళను తమ ఇంటికి తీసుకుపోతారు. అన్నం పెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపిస్తారు. దాన్ని నిద్రకు తీసుకుపోవడం అంటారు. ఆ నిద్ర అయ్యేదాకా మైల మనిషి ఇంకొకరి గడప తొక్కకూడదు. ఒకరు వచ్చి పిలవాలి, మనం వెళ్ళాలి. మనంతట మనం అడిగి వెళ్తే అది నిద్ర కాదు, మకాం వేయడం.

నన్ను ఎవరూ పిలవలేదు. కానివాళ్ళై కాదు, అందరూ మర్యాదస్తులై. నాకు దగ్గరివాళ్ళు ఇద్దరే, గార్లలో ఉండే బామ్మర్ది, కాటారంలో ఉండే మా అక్క. భార్య పోయిన మగవాణ్ణి అత్తగారివైపు వాళ్ళు తీసుకుపోతేనే బాగుంటుందని అక్క అనుకుంది. సొంత అక్క ఉండగా తాను ముందుకు రావడం ఏం బాగుంటుందని బామ్మర్ది అనుకున్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. పదకొండో రోజు భోజనాలయ్యాక, అద్దెకు తెచ్చిన వంట గిన్నెలు కడిగించి అప్పగించడానికి వెళ్ళి వచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేరు. నన్ను మరిచిపోయి కాదు. ఇద్దరూ నన్ను రెండోవాళ్ళకు వదిలేసి నిశ్చింతగా వెళ్ళిపోయారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

పిలుపు వస్తుందని ముందు కొన్ని వారాలు ఎదురుచూశాను. ఉతికిన బట్టలు ఒక జత మడిచి దండెం మీద విడిగా పెట్టుకున్నాను కూడా. చలికాలం దాటి, మిరపకాయలు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో ఏదో పని కల్పించుకుని మహబూబాబాద్ వెళ్ళాను. బామ్మర్ది ఆ రోజు అక్కడికి పంట తెస్తాడని తెలుసు. ఘాటుకు ఇద్దరం తుమ్ముకుంటూ రోడ్డు పక్కన టీ తాగాం. వాళ్ళ అక్కను తలుచుకుని అతను కళ్ళు తుడుచుకున్నాడు, మిరప ఘాటు మీద పెట్టాడు. లేచేటప్పుడు, "ఇంటికి రా బావా, ఎప్పుడన్న," అన్నాడు.

ఎప్పుడన్న అనేది పిలుపు కాదు. ముప్పై ఏళ్ళు బస్సులో ఉన్నవాడికి ఆ మాత్రం తెలియదా? వేళ చెప్పని బస్సు కోసం ఎవరూ సంచి పట్టుకుని నిలబడరు. "వస్తలే," అని జనగామ రైలు ఎక్కాను.

మా పక్కింట్లో మహబూబాబాద్ వైపు లంబాడా తండా నుంచి వచ్చిన కుటుంబం అద్దెకు ఉంటుంది. భర్త ఆటో నడుపుతాడు. ఆమె పిల్లలతో వాళ్ళ భాషలో గలగలా మాట్లాడుతూ, గోడ మీదుగా నా వైపు తిరగగానే తెలుగులోకి వస్తుంది. నన్ను అన్న అంటుంది. నా భార్య పోయాక రోజూ సాయంత్రం ఐదింటికి, "అన్నా, చాయ్ పెట్టిన, రా," అని కేకవేసేది. నా రోజంతా ఆ కేక చుట్టూ తిరిగేది. నాలుగున్నరకే ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి.

కానీ లోపలికి వెళ్ళేవాణ్ణి కాదు. గడప బయట మెట్టు మీద నిలబడి, ద్వారబంధం పట్టుకుని తాగేవాణ్ణి. "లోపటికి రా అన్న, కుర్సీ ఉన్నది," అనేది. "నిలబడి తాగుడే అలవాటమ్మా," అనేవాణ్ణి. సగం నిజమే కనుక తడబడకుండా వచ్చేది. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు. నన్ను నిద్రకు ఎవరూ పిలవలేదని చెప్పడమంటే నాకు ఎవరూ లేరని నా నోటితో నేనే చాటుకోవడం. అంత ధైర్యం నాకు లేదు.

అప్పటికి వంట కొద్దికొద్దిగా పట్టుబడింది. ఆదివారం పొద్దున నా భార్య సర్వపిండి చేసేది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి, గిన్నె అడుగున చేత్తో ఒత్తి, వేలితో నాలుగు చిల్లులు పెట్టి నూనె పోసి కాల్చేది. అంచు కరకరలాడే ముక్క నాది. నేను చేస్తే మొదటిసారి బొగ్గయింది, రెండోసారి మధ్యలో పచ్చిగా ఉంది, మూడోసారి గిన్నెను వదల్లేదు. నాలుగోసారి చెక్కుచెదరకుండా, ఎర్రగా, చందమామలా ఊడివచ్చింది. ఎంత సంతోషం వేసిందో! పళ్ళెంలో పెట్టుకుని వంటింట్లో ఒక్కణ్ణే నిలబడి చూసుకున్నాను. చూసి మెచ్చుకునే మనిషి లేకపోతే రుచి సగం పోతుంది. సగం విరిచి, మూత పెట్టి పక్కింటికి తీసుకువెళ్ళాను.

ఆ రోజు వాళ్ళ పాప పుట్టినరోజు. తండా నుంచి ఆమె తల్లి, ఇంకో నలుగురు చుట్టాలు వచ్చారు. లోపల చాప పరిచి అందరికీ పళ్ళేలు పెడుతున్నారు. నన్ను చూసి ఆమె ముఖం వెలిగింది. "సమయానికొచ్చినవ్ అన్న. కూసో, మా అమ్మ చేసిన కూర తిని పోవాలె," అని నాకూ ఒక పళ్ళెం పెట్టి, వడ్డించేసింది. అందరూ కాస్త జరిగి నాకు చోటు ఇచ్చారు. నేను గడప బయటే నిలబడ్డాను.

"డబ్బల పెట్టియ్యమ్మా, ఇంటికి పోయి తింట," అన్నాను.

 ఆమె తల్లి వాళ్ళ భాషలో ఏదో చిన్నగా అంది. నాకు ఆ భాష రాదు, కానీ ఆ గొంతు తెలుసు. సీటు ఉండి కూడా పక్కన కూర్చోనివ్వనివాళ్ళను చూసి మనుషులు అలాగే మాట్లాడతారు. కూతురు నా పళ్ళెం తీసింది. డబ్బాలో సర్దింది. తెచ్చి నా చేతిలో పెడుతూ, లోపలివాళ్ళకు వినబడకుండా అడిగింది.

"మా ఇంట్ల కూసుంటే నీకు మైల అంటుకుంటదా అన్న?"

మైల నాది తల్లీ, నీది కాదు అనాలి. అనకుండానే డబ్బా పట్టుకుని గోడ వెంట నడిచి ఇంటికి వచ్చాను. మరునాడు ఐదింటికి కేక వినిపించలేదు. ఆ మరునాడూ లేదు. గోడ అవతల గిన్నెల చప్పుడు, పిల్లల నవ్వులు అన్నీ వినిపిస్తున్నాయి, నన్ను పిలిచే మాట తప్ప. భార్య పోయినప్పుడు నలుగురి ముందు గట్టిగా ఉన్నవాణ్ణి, ఆ వారంలో ఒకనాడు టీ గ్లాసు ముందు పెట్టుకుని ఏడ్చాను.

ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే ముందు నన్ను ఎవరో ఒకరు నిద్రకు పిలవాలి. పిలవకపోతే అడుక్కోవాలి. పరువు సంగతి తర్వాత చూసుకుందామని పొద్దున్నే కాటారానికి బయలుదేరాను.

హనుమకొండలో మారి, భూపాలపల్లిలో ఇంకో బస్సు ఎక్కాను. భూపాలపల్లి నుంచి కాటారం దారి నాకు చేతి గీతల్లా తెలుసు. నా ఆఖరి ఏళ్ళ డ్యూటీ అంతా దాని మీదే. అక్క ఇల్లు రోడ్డు పక్కనే. రోజూ రెండుసార్లు ఆ ఇంటి ముందు నుంచి పోయేవాణ్ణి. అక్క బయట నిలబడి ఉంటే చెయ్యి ఊపేవాణ్ణి. తోబుట్టువును రోజూ చూసుకునే అదృష్టం ఎంతమందికి దొరుకుతుందని డిపోలో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

అక్క వాకిట్లో వడియాలు ఎండబెడుతోంది. బావ పోయి ఏడేళ్ళు. కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది.

"ఓ తమ్మీ! గింత ఎండల వచ్చినవేంది? ఫోనన్న చెయ్యకపోతివి. రా, లోపటికి రా."

"పిలిస్తనే వస్త అక్కా."

"పిలుస్తున్న గదనే!"

"గట్ల కాదు. నిద్రకు."

అక్క చేతిలో పిండి గిన్నె అలాగే ఉండిపోయింది. "గార్లోళ్ళు తోల్కపోలేదా?"

"లేదు."

"ఏడాది కావస్తున్నది. గిన్ని దినాలు ఎవలింట్లకు పోకుంట ఉన్నవా?"

"ఉన్న."

అక్క లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, నేను వద్దంటున్నా వంగి నా కాళ్ళ మీద పోసింది. నిటారుగా నిలబడి, పద్ధతిగా, నలుగురూ వింటున్నట్టు గట్టిగా అంది. "రా తమ్మీ. ఇయ్యాల మా ఇంట్ల నిద్ర చేద్దువు."

అరవై దాటిన మనిషిని, గడప మీద కాలు పెడుతుంటే ఏడుపు ఆగలేదు. కోడిని కోయించింది. పీట వేసి కూర్చోబెట్టి వడ్డించింది, కూర్చునే తిన్నాను. డ్యూటీ అలవాటుకొద్దీ రోజూ తెల్లవారుజామున నాలుగింటికే వచ్చే మెలకువ ఆ రోజు రాలేదు. ఎండ ముఖం మీద పడ్డాక లేచాను.

అక్క అరుగు మీద బియ్యం చెరుగుతోంది. గుండె తేలికపడి నాకు మాటలు వచ్చాయి. "ఎవలన్న పిలుస్తరని ఏడాది చూసిన అక్కా. గా చూసుడంత పరేషాన్ ఇంకోటి లేదు," అన్నాను.

"నాకెర్కనే తమ్మీ," అంది తల ఎత్తకుండానే. "నేను సుత చూసిన గద."

నాకు అర్థం కాలేదు.

"మీ బావ పోయినప్పుడు. తమ్ముడున్నడు, తోల్కపోతడు అనుకున్న. రెండు చీరెలు, ఒక తువ్వాల సంచిల పెట్టుకున్న. నీ బస్సొచ్చే యాళ్ళకు బయటకొచ్చి నిలబడుతుంటి. నువ్వు చెయ్యి ఊపి పోతుంటివి."

చేటలో బియ్యం ఎగురుతూ పడుతూ ఉన్నాయి. బావ పోయిన రోజు ఖాకీ బట్టల్లోనే వచ్చాను, సాయంత్రం డ్యూటీకి వెళ్ళిపోయాను. పదకొండో రోజు కూడా అన్నం తిని బస్సు ఎక్కాను. భర్త పోయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్ళు తీసుకుపోవాలని నాకు తెలియక కాదు. మా చిన్నాయన కొడుకులు ఎవరో తీసుకుపోయి ఉంటారనుకున్నాను. మళ్ళీ అడగలేదు.

"మూడు నెలలు చూసిన. అటెనుక కోడలి తల్లిగారోళ్ళు వచ్చి తోల్కపోయిండ్రు. మంచోళ్ళు," అంది.

ఆ మాట కోపంగా అన్నా బాగుండేది. వడియాలు ఎండాయని చెప్పినట్టు చెప్పింది.

"ఇప్పుడన్న రా అక్కా. ఇయ్యాల్నే పోదాం. నేను తోల్కపోత," అన్నాను.

ఆమె చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది. "ఇప్పుడెందుకు తమ్మీ. అప్పుడైతే ఉరికొస్తుంటి," అంది.

జనగామలో దిగగానే తిన్నగా పక్కింటికి వెళ్ళాను. పిలవకముందే చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఆమె వంటింట్లోంచి వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, అక్క మాటతో సహా. అంతా విని, "ముందుగాల చెప్తే అయిపోతుండె గదన్న, నేనే పిలుస్తుంటి," అని టీ పెట్టడానికి లోపలికి పోయింది. మరునాటి నుంచి ఐదింటి కేక మళ్ళీ మొదలైంది.

ఆ తర్వాత నాలుగుసార్లు కాటారం వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ అక్కను రమ్మంటాను. రానని ఎప్పుడూ అనదు. నాట్లు పడ్డాయంటుంది, మోకాళ్ళు గుంజుతున్నాయంటుంది, అన్నం పెట్టి పంపిస్తుంది. అయినా కాటారం వస్తుందనగా సీట్లోంచి లేచి డోరు దగ్గరికి వచ్చి నిలబడతాను. వంగి రోడ్డు పక్కకు చూస్తాను. నా బస్సు వేళకు బయటికి వచ్చి నిలబడటం అక్క ఏనాడో మానేసింది.