రెండోసారి చెప్పిన సాక్ష్యం

మా ఇంట్ల శ్రమల దినాలు వస్తున్నయంటే ఎవరేం వదులుతరో ముందే చెప్పాలె. ఈస్టర్ దాకా, ఆ నలభై దినాలు, మళ్ల దాన్ని ముట్టొద్దు. నేను చాయ వదులుత. కొడుకు మాంసం వదులుతడు, మధ్యల ఒకటి రెండుసార్లు తప్పుతడు. కోడలు సీరియళ్లు బంద్ చేస్తది. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు ప్రతి ఏడూ చాక్లెట్ అనేది. దానికి చాక్లెట్ మీద అంత ఇష్టమే లేదు.

నిరుడు శ్రమల దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు అన్నం తింటూ, ఫోన్ వదులుతున్న అన్నది.

నమ్మలే. రెండేండ్లుగ ఆ ఫోన్ కోసం నేను చెయ్యని పని లేదు. గుంజుకుంటే తల్లి ఫోన్ పట్టుకునేది. దాస్తే ఇల్లంత దేవులాడేది. రీచార్జ్ ఆపిస్తే కిందింటోళ్ల వైఫై అడుక్కునేది. బడి నుంచి వచ్చి బూట్లు ఇప్పకముందే గోడకు ఆనుకుని కూసునేది, పిలిస్తే పలుకు లేదు. తిడితే తలూపేది. కండ్లు మాత్రం ఎప్పుడూ ఎర్రగనే ఉండేవి.

అందుకే ఈసారి ఫోన్ దాచలే. బియ్యం డ్రమ్ము మీద అందరికీ కనబడేటట్టు పెట్టమన్న. తియ్యాల్నంటే తియ్యొచ్చు, అడిగేటోళ్లు లేరు. ఒక్కటి మాత్రం గట్టిగ చెప్పిన, బయట ఎవరికీ చెప్పొద్దని. ఉపవాసమున్న మనిషి ముఖం కడుక్కొని మామూలుగ తిరగాలె. నేను చదివింది మూడో తరగతే, బైబిల్ కూడబలుక్కొని చదువుత, కానీ ఆ ముక్క నాకు బాగ తెలుసు.

మొదటి వారం దాని చేతులకు పని దొరకలే. దుప్పటి దారాలు పీకింది, గోర్లు కొరికింది. ఊకె వంటింట్లకు పోయి డ్రమ్ము సూసి వచ్చేది. బడి హోంవర్క్ ఫోన్లకే వస్తది గద, రోజూ వెనక గల్లీల ఉండే దోస్తు ఇంటికి నడిచిపోయి రాసుకొని వచ్చింది. తర్వాత తర్వాత నా పక్కన కూసొని చింతచిగురు ఏరింది. ఉప్పల్ మార్కెట్‌కు వచ్చి సంచి మోసింది, నేను బేరం చేస్తుంటే సిగ్గుతోటి దూరం జరిగి నిలబడ్డది. రాత్రి నా పక్కల పండుకొని, ముచ్చట మధ్యలనే నోరు తెరుచుకొని నిద్రపోయేది.

నేను మెచ్చుకోలే, మెచ్చుకుంటే చెడుతదని భయం. కానీ లోపల అనుకున్న, ఈ పిల్లకు తనను తాను పట్టుకునుడు వచ్చింది, ఇగ నేను పోయినా ఫికర్ లేదని.

ఊరంత చెప్పింది నా కొడుకు. ఈస్టర్ ముందటి వారం, మట్టల ఆదివారం నాడు, మందిరంల పాస్టర్ అయ్యగారి దగ్గర నిలబడి, బిడ్డ గొప్ప చెప్పుకున్నడు. అయ్యగారు మంచి మనిషి. సంతోషపడి ఈస్టర్‌కు ఆరాధనల అందరి ముందట సాక్ష్యం చెప్పిద్దాం, విని నలుగురు పిల్లలు మారుతరన్నడు. నేను వద్దన్న. కొడుకేమో నీవన్నీ పాత పట్టింపులన్నడు. పిల్ల నా ముఖం దిక్కు సూసింది. నీ ఉపవాసం, నీ ఇష్టం అన్న.

ఈస్టర్ నాడు మైకు పట్టుకొని, మొదట కష్టమైంది, తర్వాత అలవాటైంది, ఇప్పుడు మంచిగ నిద్ర పడుతుంది, అంతే అన్నది. అందరు నవ్విన్రు. నాకూ నవ్వొచ్చింది. ఆ ఒక్క నిమిషం నేను సంతోషంగనే ఉన్న.

ఆరాధన అయినంక మందిరం యూట్యూబ్ ఛానల్ నడిపేటాయన వచ్చి వీడియోల సౌండ్ రాలేదన్నడు. పూల అలంకరణ ముందట పిల్లను మళ్ల నిలబెట్టిన్రు. అయ్యగారి భార్య, అమ్మగారు, దాని చున్నీ సర్దింది, జర మనసు విప్పి చెప్పు బిడ్డా, అంత పొట్టిగ చెప్తే ఎవరు సూస్తరన్నది. ఈసారి పిల్ల రోజూ రాత్రి ఏడ్చిన అన్నది. బతుకంత చీకటైపోయింది అన్నది. నాయినమ్మ కాళ్లు పట్టుకొని కాపాడమన్న అన్నది. గొంతు సరిగ్గ వణకాల్సిన దగ్గరనే వణికింది. చుట్టూ ఉన్నోళ్లు ఆమెన్ అన్నరు.

ఇంటికి పోయేటప్పుడు ఆటోల అడిగిన. "ఎప్పుడు ఏడ్చినవే? నా పక్కలనే పండుకున్నవు గద."

"గట్ల చెప్తేనే సూస్తరు నాయినమ్మా."

డ్రైవర్ పక్కన కూసున్న కొడుకు, ఉండనీ అమ్మా, నలుగురికి మంచి జరిగేదే గదా అన్నడు.

ఉపవాసం అయిపోయింది గద, బిర్యానీ తినంగనే ఫోన్ తీసుకున్నది. ఛానల్ల పెట్టిన తన వీడియో ఎంతమంది సూసిన్రో కాసేపటికోసారి పైకి చదివింది. అంబర్‌పేట్ల ఉండే మేనత్తకు ఫోన్ చేసి, అందరికీ పంపమని బతిమిలాడింది. పొద్దుగూకినంక ఎవరో వీడియో కింద దాని ముందటి పన్ను వంకరుందని రాసిన్రు. గుడ్లనీళ్లు తీసుకుంట గోడ దిక్కు తిరిగి పండుకున్నది. ఆ ఏడుపు మాత్రం నిజంది.

వారం తిరగకముందే అమ్మగారు కబురు పంపింది, ఇంకో వీడియోకు నాయినమ్మ కూడా వచ్చి పిల్లను ఎట్ల పెంచిందో చెప్పాలెనని. నేను రాను అన్న. పిల్ల నా చెయ్యి పట్టుకున్నది.

"నువ్వొస్తే ఇంకా ఎక్కువ మంది సూస్తరు. నా కోసం ఒక్కసారి రా."

"మొదలు ఏం చెప్పినవో అదే మళ్ల చెప్పు. నీ పక్కన నిలబడత."

"అదెవరికి కావాలె," అన్నది.

నాకు కావాలె అందామని నోరు తెరిచిన. అప్పటికే చెవులల్ల ఇయర్ ఫోన్లు పెట్టుకున్నది.