ఎర్రగ్రహం మీద బూడిద

సినిమావాళ్ళలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. లైట్లు మోసేవాళ్ళ దగ్గర్నుంచి హీరోల దాకా అందరికీ ఆమె గుర్రాలక్క. హీరోయిన్ గుర్రమెక్కి గోడ దూకాల్సి వస్తే, ఆ బట్టలే తొడుక్కుని, ఆ జుట్టులాంటి విగ్గే పెట్టుకుని, ముఖం కెమెరాకి చిక్కకుండా దూకేది ఈవిడ. ఇరవై ఏళ్ళు అదే పని. ఆమె వీపును ఎన్ని వేలమంది చూసి ఉంటారో లెక్కలేదు.

తండ్రి ఒక స్వారీ బడిలో గుర్రాలకు మాలీషు చేసేవాడు. ఆయన పోయినప్పుడు ఆ బడి యజమాని, మెడ కాస్త వంకరగా ఉందని ఎవరూ కొనని ఒక ఆడ గుర్రప్పిల్లను ఆమెకు వదిలేశాడు. రంగు బూడిద, పేరూ బూడిదే. దాన్ని పెంచి, పరుగు నేర్పి, అన్నిటికన్నా కష్టమైనది, పడిపోవడం నేర్పింది. ఎడమ పగ్గం కిందికి లాగితే చాలు, అది ముందు కాళ్ళు మడిచి, భుజం ఆనించి, దెబ్బ తగలకుండా ఒరిగిపోయేది. చూసేవాళ్ళ గుండె జారిపోవాల్సిందే. మరుక్షణం లేచి ఒళ్ళు దులుపుకుని, బెల్లంముక్క కోసం ఆమె జేబులో మూతి పెట్టేది.

పెళ్ళి మాటెత్తితే, "ముందు బూడిదని ఒప్పించండి" అని నవ్వేసేది. భర్త పోయిన చెల్లెలు ఒక ఇస్త్రీ దుకాణం నడుపుకుంటుంటే, ఆ దుకాణం వెనక రెండు గదుల్లో ఇద్దరూ ఉండేవాళ్ళు.

ఒకరోజు ఒక కుర్ర డైరెక్టర్ తనే స్వారీ బడి లాయానికి వచ్చాడు. గడ్డిమోపు మీద కూర్చుని కథ చెప్పాడు. మనుషులు ఎర్రగ్రహానికి వెళ్ళి ఊరు కట్టుకుంటారు. అక్కడ నీళ్ళు లేవు, చట్టం లేదు, తుపాకీ ఉన్నవాడిదే రాజ్యం. తండ్రిని చంపినవాళ్ళను వెతుక్కుంటూ ఒకమ్మాయి బయలుదేరుతుంది. ఆమె గుర్రం సగం మాంసం, సగం ఇనుము.

"అంటే కౌబాయ్ సినిమానా, రాకెట్ల సినిమానా?" అంది ఆమె.

"రెండూనక్కా. చిన్నప్పట్నుంచీ నా బుర్రలో ఇదే తిరుగుతోంది. ఇందులో రెండో హీరో గుర్రమే. అది పడిపోయినప్పుడు హాలు హాలంతా ఏడవాలి."

కథ ఆమెకు సగమే అర్థమైంది. ఆ చివరి మాట మాత్రం మనసులో నాటుకుపోయింది. ఇన్నేళ్ళలో గుర్రం కోసం జనం ఏడవాలన్న మనిషిని ఆమె చూడలేదు.

పాడుబడ్డ ఒక రాళ్ళ క్వారీలో సెట్ వేశారు. నేలంతా ఎర్రపొడి చల్లారు. గాలి వీస్తే అది కళ్ళల్లో, ముక్కుల్లో, అన్నం డబ్బాల్లో పడేది. చెక్కతో సారాకొట్టు కట్టి, దాని చూరుకు రేకు గొట్టాలూ మిణుకుమిణుకు బల్బులూ తగిలించారు. విలన్ మనుషులు తలమీద టోపీ, టోపీమీద యాంటెన్నాతో తిరుగుతుంటే ఫైట్ మాస్టర్ ఆమె చెవిలో అన్నాడు: "కేబుల్ టీవీవాళ్ళు దారి తప్పి వచ్చినట్టు లేరూ?" ఆమె పళ్ళ బిగువున నవ్వు ఆపుకుంది. డైరెక్టర్ కళ్ళల్లో మెరుపు చూస్తే నవ్వబుద్ధి కాలేదు.

బూడిదకు ఫైబర్‌తో ఒక ముసుగు చేయించారు. ఇనుపరంగు వేసి, కళ్ళ దగ్గర చిన్న బెజ్జాలు పెట్టారు. అది తొడగగానే బూడిద తల విదిలించి వెనక్కి నడిచింది.

"దీనికి పక్కలు కనపడటంలేదు సార్. గుర్రానికి పక్కలే ముఖ్యం" అంది ఆమె.

"బెజ్జాలు పెద్దవి చేయిస్తా. రేపటికల్లా అయిపోతుంది. కానీ ఈ వెలుగు రేపు రాదక్కా, చూడు." పడమటి వైపు ఆకాశం నిజంగానే ఆ ఎర్రనేలతో కలిసిపోయి ఉంది.

ఫైట్ మాస్టర్ ఆమె వైపు చూశాడు. ఆమె వద్దంటే ఆగిపోయేది. ఆమె బూడిద మెడ నిమిరింది. అది కాస్త నెమ్మదించింది.

"ఒక్కసారికైతే చేద్దాం" అంది.

పరుగు బాగానే మొదలైంది. పడాల్సిన చోట మెత్తటి ఇసుక పోసి పైన ఎర్రపొడి కప్పారు. ఆ చోటు ఇంకా కొంత దూరం ఉండగానే పక్కన సీను కోసం పెట్టిన పొగగొట్టం బుస్సుమంది. చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనపడక బూడిద పక్కకు దూకింది. అక్కడ రాయి. పగ్గం లాగకుండానే గుర్రం కూలింది. దాని కింద ఆమె.

ఆమెకు గుర్తున్నది బూడిద అరుపు. గుర్రాల మధ్య పెరిగిన మనిషి అయినా అలాంటి అరుపు అంతకుముందు వినలేదు.

తుంటి ఎముక మూడు ముక్కలైంది. ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట, "బూడిద?" చెల్లెలు కిటికీ వైపు తిరిగింది.

"ముందు కాలు రెండుచోట్ల విరిగిందంటక్కా. పశువుల డాక్టర్ వచ్చి సూదేశాడు. ఫైట్ మాస్టర్ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడంట."

"ముసుగు తీశారా?"

"ఏంటీ?"

"సూదేసేముందు ముసుగు తీశారా అని."

చెల్లెలికి తెలియదు. తీశారని చెప్పింది.

సినిమా బయటికి రావడానికి రెండేళ్ళు పట్టింది. గ్రాఫిక్స్ పని అన్నారు. ఆ రెండేళ్ళలో ఆమె చేతికర్రతో గది దాటడం, వీధి దాటడం నేర్చుకుంది. దుకాణంలో ఎత్తు స్టూలు మీద కూర్చుని బట్టలు మడతపెట్టేది. ఎవరైనా ఆ డైరెక్టర్‌ను తిడితే ఊరుకునేది కాదు. "అతను చెప్పిన కథ మీరు వినలేదు. రానివ్వండి, అప్పుడు మాట్లాడండి" అనేది. చెల్లెలికి ఒళ్ళు మండేది. "దాన్ని మింగేసిన సినిమాకి నువ్వు హారతి పట్టు" అని విసుక్కునేది. అక్క ఇంకో చొక్కా అందుకుని మడతపెట్టేది. బూడిద ఎలాగూ రాదు. కనీసం దేనికోసం పోయిందో అదైనా బాగుండాలి కదా అని ఆమె ఆశ. ఆ ఒక్క ఆశ పట్టుకునే నడక నేర్చుకుంది.

విడుదలైన రోజు మధ్యాహ్నం ఆటకు ఇద్దరూ వెళ్ళారు. హాలు సగం నిండింది. మొదటి పావుగంట జనం ఓపిగ్గా చూశారు. తర్వాత ఒక్కొక్కరే గొణగడం మొదలైంది. తుపాకుల్లోంచి నీలిరంగు వెలుగు వస్తోంది గానీ ఎవరికీ తగలడంలేదు. నీళ్ళు లేని గ్రహంలో హీరోయిన్ తలస్నానం చేసినట్టు జుట్టు ఎగరేసుకుంటూ తిరుగుతోంది. విలన్ ఒక యంత్రం. బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచే గొంతుతో చావు బెదిరింపులు ఇస్తోంది. కౌబాయ్ సినిమాకొచ్చినవాళ్ళు రాకెట్లు చూసి, రాకెట్ల కోసం వచ్చినవాళ్ళు గుర్రాలు చూసి విసుక్కున్నారు. వెనక వరసలో ఎవడో గట్టిగానే అన్నాడు: "గుర్రమని పిలిచి గాడిదగుడ్డు చూపిస్తున్నాడ్రా!" హాలంతా ఘొల్లుమంది.

ఆమె ముందుకు వంగి కూర్చుంది. ఆ సీను ఇంకా రాలేదు. అది వస్తే అందరూ సద్దుమణుగుతారని ఆమె నమ్మకం.

వచ్చింది. ఎర్రనేల, ఆ సాయంత్రపు వెలుగు, బూడిద పరుగు. ఒక్క క్షణం హాలు నిజంగానే నిశ్శబ్దమైంది. చెల్లెలు అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుర్రం కూలింది. అసలు కూలిన కూలడమే, ఏదీ మార్చలేదు. కానీ దాని పొట్టలోంచి గ్రాఫిక్స్ స్ప్రింగులు, మరచీలలు ఎగిరిపడ్డాయి. బూడిద అరిచిన చోట అరుపు లేదు. స్టార్ట్ కాని పాత మోటారు చప్పుడు పెట్టారు. గుర్‌ర్, గుర్‌ర్, టప్.

జనం పగలబడి నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. "మెకానిక్‌ని పిలవండ్రోయ్!" అని ఒకడు అరిచాడు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వి నవ్వి.

"పోదాం పదక్కా" అంది చెల్లెలు.

"కూర్చో. అయిపోనీ" అంది ఆమె. చివరిదాకా కూర్చుంది. పేర్లు పడుతుంటే కూడా కూర్చుంది. ఫైట్ మాస్టర్ పేరు కింద ఎక్కడో ఆమె పేరు ఒక అక్షరం తప్పుగా వెళ్ళిపోయింది.

సినిమా వారం తిరక్కుండానే హాళ్ళలోంచి ఎత్తేశారు. ఆ తునక మాత్రం ఫోన్లలో బతికింది. ఎవరిదైనా బండి ఆగిపోతే, ఎవరైనా పరీక్ష తప్పితే, ఆ గుర్రం కూలడం పంపుకుని నవ్వుకునేవాళ్ళు. చొక్కాలు తీసుకోవడానికొచ్చిన ఒక మంచి మనిషి, ఆమె ఎవరో తెలియక, "ఇది చూశారా అక్కా? కడుపు చెక్కలవుతుంది" అని ఫోన్ ఆమె ముందు పెట్టాడు. ఆమె పూర్తిగా చూసింది. "మీవి నాలుగు చొక్కాలండీ, ఒకదానికి గుండీ ఊడింది" అని సంచి అందించింది.

కొన్నాళ్ళకు డైరెక్టర్ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ఆ తర్వాత అతనికి ఎవరూ సినిమా ఇవ్వలేదు. స్టూలు పక్కన నిలబడి, "సినిమా బాగా రాలేదక్కా" అన్నాడు.

"చూశాను."

"ఆ స్ప్రింగులు నేను పెట్టలేదు. గుర్రం నిజంగా చచ్చిపోయినట్టుంటే పిల్లలు జడుసుకుంటారని నిర్మాత..." మాట మింగేశాడు. "నేను గట్టిగా చెప్పాల్సింది."

ఆమె కోపపడుతుందని చెల్లెలు అనుకుంది. ఆమె ఒకటే అడిగింది. "ఆ రోజు అది అరిచింది కదా, ఆ సౌండ్ మీ దగ్గర ఉందా?"

అతను తల దించుకున్నాడు. "ఆ షాట్‌కి సౌండ్ తీసుకోలేదక్కా. తర్వాత వేసుకుందామనుకున్నాం."

ఆమె తలూపి, ఇస్త్రీ పెట్టె పక్కనున్న తడిగుడ్డ తీసుకుని బల్ల తుడవడం మొదలుపెట్టింది. అతను వెళ్ళిపోయాడు.

స్వారీ బడికి ఆమె మళ్ళీ ఒక్కసారే వెళ్ళింది. యజమాని కొడుకు మర్యాదగా ఒక ముసలి గుర్రాన్ని తెచ్చి పక్కన నిలబెట్టాడు. ఆమె కర్ర గోడకు ఆనించి, రికాబులో కాలు పెట్టబోయింది. తుంటి లేవలేదు. గుర్రం కదలకుండా ఎదురుచూసింది. ఇంకోసారి ప్రయత్నించింది. తర్వాత జీను మీదనుంచి చెయ్యి తీసి, కర్ర అందుకుని, "దీనికి ఎండ తగులుతోంది, లోపల కట్టెయ్యి నాన్నా" అని చెప్పి బయటికి వచ్చేసింది.